టాప్ రోప్ యాంకర్: గుండుకు ఒక టేపు, దానికొక కారబైనర్, అంతేనా?

పరుపుబండ రాశారు (#1)

హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల మీద ఆదివారాలు టాప్ రోప్ (పైన యాంకర్‌లోంచి దూర్చి రెండు కొసలూ కిందికి వదిలే ఎక్కే తాడు) వేసే కొత్త గుంపుల ఫోటోలు చూస్తుంటే యాంకర్ (ఆ తాడును పైన రాయికి కట్టి పట్టే అమరిక) అంతా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటోంది. పైన ఒక గుండు. దాని చుట్టూ ఒకే నైలాన్ టేపు, వాటర్ నాట్‌తో (టేపు రెండు కొసలను కలిపే ముడి). ముడి తోకలు రెండు వేళ్ల పొడవు కూడా ఉండవు. టేపుకు ఒకే స్క్రూ గేట్ కారబైనర్ (గేటును మరతో బిగించే లోహపు కొక్కెం), అది సగమే బిగించి ఉంటుంది. అక్కడి నుంచి ఎక్కే తాడు నాలుగైదు మీటర్లు బండ మీదే పాకి, ఆ తర్వాత కిందికి వేలాడుతుంది.

"టేపు 22 కిలోన్యూటన్లు అన్నా, ఏమీ కాదు" అని సమాధానం. అంకె నిజమే. టాప్ రోప్‌లో బరువుకు టేపు తెగదు. టేపు గుండు మీద నుంచి జారొచ్చు, ముడి విడిపోవచ్చు, అంచు మీద కోసుకుపోవచ్చు, గేటు తెరుచుకోవచ్చు. ఈ నాలుగింటిలో దేనికీ 22 అనే అంకె అడ్డు రాదు.

అనుభవం ఉన్నవాళ్లు తలా ఒక ముక్క రాయండి. యాంకర్ నియమాలను గుర్తుపెట్టుకోడానికి వాడే సెరీన్, ఎర్నెస్ట్ లాంటి పొడి అక్షరాలు పక్కన పెట్టి, మన గ్రానైట్ మీద చేత్తో ఏం చేయాలో చెప్పండి.

కొత్తచెప్పులు రాశారు (#2)

అన్నా, నాకు ఒక డౌటు. 22 కిలోన్యూటన్లు అంటే సుమారు 2,200 కిలోలు. ఎక్కేవాడు 75 కిలోలు. 30 రెట్లు ఎక్కువ ఉన్నప్పుడు రెండో టేపు ఎందుకు? రెండూ ఒకే గుండుకే కదా చుట్టేది?

ఎనిమిదోముడి రాశారు (#3)

ముందు లెక్క సరిచేద్దాం. పైన కారబైనర్ మీద పడేది 75 కిలోలు మాత్రమే కాదు. ఒక వైపు ఎక్కేవాడు, రెండో వైపు బిలే చేసేవాడు, అంటే కింద నుంచి తాడు బిగించి కాపాడేవాడు, పట్టుకున్న తాడు. కారబైనర్ దగ్గర రాపిడి ఉంటుంది కాబట్టి బిలే వైపు లాగుడు సుమారు మూడింట రెండు వంతులు. అంటే 75 కిలోల మనిషి ఊరికే వేలాడినా పైన పడేది 120, 125 కిలోలు. తాడు ఒదులుగా ఉంచి పడనిస్తే 2 నుంచి 3 కిలోన్యూటన్ల దాకా పోతుంది. అయినా 22కు చాలా దూరమే.

రెండోది ఎందుకన్నది మంచి ప్రశ్న. బలం కోసం కాదు. ఒకదాన్ని రాయి కోసినా, ఒకదాని ముడి నువ్వు తప్పు వేసినా రెండోది మిగలాలి. టేపు వాటర్ నాట్ సంగతే చూడు. బరువు పడి, వదిలి, పడి, వదిలి ఉంటే అది కొంచెం కొంచెంగా తోకను మింగుతుంది. అందుకే తోకలు కనీసం 8 సెంటీమీటర్లు వదలాలి, కట్టగానే ఒంటి బరువుతో గుంజి బిగించాలి, వాడే ప్రతి రోజూ చూడాలి. డైనీమా (నైలాన్ కన్నా సన్నగా, నున్నగా ఉండే పోగు) టేపుకు వాటర్ నాట్ అసలు వద్దు, జారిపోతుంది. డైనీమా అయితే ఫ్యాక్టరీలో ఉంగరంగా కుట్టిన టేపు, అంటే స్లింగే.

ఒకే గుండుకు రెండు స్లింగులు వేయొచ్చా అంటే, గుండు నిజంగా కదలనిదైతే వేయొచ్చు. ఏది కదలనిదో చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

నల్లగుండు రాశారు (#4)

గుండు సంగతి నేను జెప్త. పెద్దగ కనబడ్డదల్లా గట్టిది కాదు. గ్రానైట్ ఒక ఘనమీటరుకు 2.7 టన్నుల దాక ఉంటది. మీటరు వ్యాసం ఉన్న గుండ్రటి గుండు దగ్గర దగ్గర 1.4 టన్నులు. ఇనడానికి మస్తు బరువే. గని అది ఏటవాలు బండ మీద, కింద గరుసు ఇసుక ఉన్నకాడ కూసుంటే, ఇసుక గోళీల లెక్క పనిజేస్తది. పక్కకెళ్లి గుంజితే కదులుతది.

నేను జూసే పద్ధతి ఇది. మొదలు కింద జూడాలె: గుండుకు, బండకు నడుమ సందు ఎంతుంది, ఎన్ని కాడ ఆనింది. రెండు కాడనే ఆనితే ఊగుతది. రెండోది, భుజం పెట్టి అంచు దిక్కు తోయాలె, ఇద్దరు ముగ్గురు కలిసి. కొంచెం కదిలినా దాని దిక్కు జూడకు. మూడోది, టేపు ఏడ కూసుంటదో జూడాలె. గుడ్డు లెక్క ఉన్న గుండుకు నడుము మీద టేపు ఏస్తే, లాగుడు కిందికి ఉన్నంత సేపు మంచిగనే ఉంటది. ఎవరన్న యాంకర్ దగ్గర నిలబడి తాడు పైకి ఎత్తినప్పుడు టేపు మీదికి ఎక్కి టోపీ లెక్క ఊడొస్తది. నడుము కింద, లోపలికి ఒంగిన కాడనే టేపు పడాలె.

ఇగ పెచ్చులు. మన గుట్టలు ఉల్లిగడ్డ పొరల లెక్క ఊడుతయి. మీద ఉన్న పొర పెద్ద గోడ లెక్క కనబడ్తది, దాని ఎనక కామ్ (సందుల ఇరికించే స్ప్రింగు పనిముట్టు) పెట్టిన్రా, స్లింగ్ ఏసిన్రా, పొర మొత్తం లేస్తది. పిడికిలితోని కొట్టి ఇను. టక్ టక్ అంటే సరే. డబ డబ అంటే డొల్ల.

కోట గుట్టల మీద ఇంకో మాట. కోట గోడ రాళ్లకు, బురుజు మీద వరుసగ నిలబడ్డ రాళ్లకు స్లింగులు చుట్టుడు బంద్ జెయ్యాలె. అవి పేర్చిన రాళ్లు, బండల పుట్టినయి కావు. లాగితే రాయి రాలుడు ఒక పాపం, పాత కట్టడం ఖరాబ్ జేసుడు ఇంకో పాపం.

కొత్తచెప్పులు రాశారు (#5)

మరి రెండు గుండ్లు దొరికితే ఒకే పెద్ద స్లింగ్ రెండింటి చుట్టూ తిప్పి, కింద కారబైనర్ వేయొచ్చా? త్రిభుజంలా వస్తుంది. ఎడంగా ఉంటే బరువు బాగా పంచుకుంటుంది కదా.

బిలేబాబాయ్ రాశారు (#6)

రెండూ తప్పే నాయనా. ఎడం పెరిగితే బరువు తగ్గదు, పెరుగుతుంది. ఇద్దరు నీళ్ల బకెట్‌ను చెరోవైపు పట్టుకుని దూరం జరిగితే చేతులు ఎలా లాగేస్తాయో అదే.

కింద 100 కిలోలు వేలాడుతుందనుకో. వీ ఆకారంలో రెండు వేరు వేరు కాళ్లుంటే (ఒక్కో యాంకర్ నుంచి కిందికి వచ్చే పోగు) ఒక్కో కాలికి పడేది ఇది: 60 డిగ్రీల కోణంలో 58 కిలోలు, 90 డిగ్రీల్లో 71, 120 డిగ్రీల్లో 100, 150 డిగ్రీల్లో 193. అంటే 120 దాటాక రెండు యాంకర్లు పెట్టి ఒక్కదానికన్నా ఎక్కువ బరువు మోయిస్తున్నావు. 60 లోపు ఉంచుకో. వేళ్లతో విజయ చిహ్నం పెడితే వచ్చే కోణం కంటే ఎక్కువైతే స్లింగు పొడవు పెంచు.

నువ్వు చెప్పిన త్రిభుజాన్ని అమెరికావాళ్లు చావు త్రిభుజం అంటారు, ఊరికే అనలేదు. ఒకే ఉంగరం స్లింగు రెండు యాంకర్ల గుండా పోతే, రెండింటి మధ్య అడ్డంగా సాగే పైగీత వాటిని ఒకదాని వైపు ఒకటి లాగుతుంది. అదే 100 కిలోలకు ఒక్కో యాంకర్ మీద 60 డిగ్రీల్లోనే 100, 90 డిగ్రీల్లో 131, 120 డిగ్రీల్లో 193. వీ తో పోల్చితే దాదాపు రెట్టింపు. పైగా లాగుడు పక్కకు, అంటే నల్లగుండు గారు చెప్పిన గోళీల మీద గుండు దొర్లే దిక్కుకే. ఆ స్లింగు ఒక్కచోట తెగితే మొత్తం పోయింది, ముడే లేదు కాబట్టి ఏదీ మిగలదు.

చెయ్యాల్సింది: 7 మి.మీ. నైలాన్ కార్డ్ (సన్న తాడు) 6 మీటర్లు. డబుల్ ఫిషర్‌మన్ ముడితో ఉంగరంగా కట్టు, ఒక్కో తోక 7, 8 సెంటీమీటర్లు. రెండు యాంకర్లకు చెరో లాకింగ్ కారబైనర్ (గేటు బిగించేది), వాటిలో కార్డ్ వెయ్యి. మధ్యలో పైన ఉన్న పోగును కిందికి లాగి, ఎక్కేవాడు వేలాడే దిక్కుకే బిగపట్టి, అన్ని పోగులూ కలిపి ఒక ఓవర్‌హ్యాండ్ ముడి. కింద మిగిలే ఉంగరమే మాస్టర్ పాయింట్. ఒక వైపు పోయినా రెండో వైపు కుదుపు లేకుండా మోస్తుంది. దుకాణంలో చవకగా ఉందని 5 మి.మీ. కొనొద్దు. యూరప్ ప్రమాణం ఈఎన్ 564 ప్రకారం 5 మి.మీ. కార్డ్‌కు కనీస బలం 5 కిలోన్యూటన్లే, 7 మి.మీ.కు 9.8.

ఎనిమిదోముడి రాశారు (#7)

బాబాయ్ చెప్పింది సరే, ఒక చిన్న అభ్యంతరం. అలా ముడి వేసేస్తే బరువు సగం సగం పంచుకుంటుందని పిల్లలు అనుకుంటారు. పంచుకోదు. ఎక్కేవాడు ఒక అడుగు పక్కకు జరిగి పడితే బరువంతా ఒక కాలి మీదికే వస్తుంది. కాళ్ల పొడవులు తేడాగా ఉంటే పొట్టి కాలు తక్కువ సాగుతుంది కాబట్టి దాని మీదే ఎక్కువ పడుతుంది. అందుకే ఒక్కో యాంకర్ ఒంటరిగానే మొత్తం మోయగలదా అని చూసుకోవాలి. "రెండు బలహీనమైనవి కలిపి ఒక బలమైనది" అనే లెక్క ఇక్కడ నడవదు.

ఎలాగూ అడుగుతారు కాబట్టి స్లైడింగ్ ఎక్స్ గురించి కూడా. స్లింగులో ఒక మెలిక తిప్పి కారబైనర్ వేస్తే అది జరుగుతూ బరువు సమం చేస్తుంది. ఆ మెలిక మరచిపోతే ఒక వైపు ఊడగానే కారబైనర్ స్లింగులోంచి బయటికి వచ్చేస్తుంది. మెలిక ఉన్నా, ఒక వైపు ఊడితే మిగతా పొడవంతా జారి రెండోదాని మీద కుదుపు పడుతుంది. రెండు వైపులా పరిమితి ముడులు వేసుకుంటేనే వాడండి. టాప్ రోప్‌కు దాని అవసరమే తక్కువ.

గులాబిరాయి_ఆస్టిన్ రాశారు (#8)

ఇక్కడ టెక్సస్‌లో ఎన్‌ఛాంటెడ్ రాక్ అనే గులాబి గ్రానైట్ గుట్ట ఉంది. మన భువనగిరి బండలాగే నున్నటి గోపురం. ఇలాంటి రాతి మీద కొత్తవాళ్లు చేసే ప్రధాన తప్పు #1లోనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు: అంచు.

గోపురం బండకు కత్తిలాంటి అంచు ఉండదు. చదునుగా మొదలై, మెల్లగా వంగి, ఎక్కడో నిలువవుతుంది. హాయిగా నిలబడగలిగిన చోటే మాస్టర్ పాయింట్ పెట్టేస్తారు. అప్పుడు ఎక్కే తాడు ఆ వంపు మీద నాలుగు మీటర్లు రాసుకుంటూ పోతుంది. ఎక్కినా, దించినా, ప్రతిసారీ తాడు కదులుతూనే ఉంటుంది. గ్రానైట్‌లోని స్ఫటికాలు గరుకు కాగితంలా పనిచేస్తాయి. పైగా రాపిడి ఎక్కువైతే బిలే వాడికి తాడు బరువుగా తగులుతుంది, ఒదులు తీయలేడు. ఆ ఒదులే పడినప్పుడు దెబ్బ.

నియమం ఒక్కటే: కదిలే తాడు రాయిని తాకకూడదు, రాయిని తాకే తాడు కదలకూడదు. కదలని తాడు అంటే స్టాటిక్ తాడు, పెద్దగా సాగనిది. దాన్ని వంపు దాటించి, మాస్టర్ పాయింట్‌ను నిలువు మొదలయ్యే చోటుకు 30 నుంచి 60 సెంటీమీటర్లు కిందికి వేలాడదీయాలి.

11 మి.మీ. స్టాటిక్, 30 మీటర్లు ఉంటే చాలు. అంచు నుంచి 6 మీటర్ల దూరంలో ఒక గుండు, 8 మీటర్ల దూరంలో ఇంకొకటి ఉన్నాయనుకుందాం. తాడు ఒక చివర మొదటి గుండు చుట్టూ తిప్పి ఎయిట్ ఫాలో త్రూ అనే 8 ఆకారపు ముడితో కట్టండి. ఇప్పుడు మీ సేఫ్టీ: అదే తాడు మీద 6 మి.మీ. కార్డ్‌తో ప్రూసిక్ (బరువు పడితే తాడును బిగపట్టే ముడి) వేసి, లాకింగ్ కారబైనర్‌తో హార్నెస్ ముందున్న బిలే లూప్‌కు తగిలించుకోండి. తాడు రెండో చివర ముడి ఉండాలి. అప్పుడే అంచు వైపు నడవాలి, ముందు కాదు. వంపు దగ్గర మాస్టర్ పాయింట్ ఎక్కడికి రావాలో చూసుకుని, అక్కడ తాడును రెండు మడతలు మడిచి, రెండు ఉంగరాలు వచ్చేలా ఓవర్‌హ్యాండ్ వేయండి. మిగిలిన తాడుతో వెనక్కి వచ్చి రెండో గుండుకు రెండు మడతలుగా స్లింగు, దానికి లాకింగ్ కారబైనర్, అందులో క్లోవ్ హిచ్ ముడి. క్లోవ్ ఎందుకంటే పొడవు సెంటీమీటర్లలో సర్దుకోవచ్చు. సర్దుకున్నాక దాని వెనక ఒక ఎయిట్ ఆన్ బైట్ (మడతతో వేసే 8 ముడి) వేసి అదే స్లింగులో రెండో కారబైనర్‌కు తగిలించండి.

ఆ తర్వాత మాస్టర్ పాయింట్ పైకి లాగి, కారబైనర్లు, ఎక్కే తాడు మధ్య గుర్తు దగ్గర వేసి, మెల్లగా కిందికి వదలండి. రెండు కాళ్లూ వంపు మీద ఆనే చోట మెత్త పెట్టాలి. మెత్తను కూడా చిన్న కార్డ్‌తో కాలికి కట్టాలి, లేకపోతే రెండో మనిషి ఎక్కేసరికి అది కింద పడి ఉంటుంది.

నల్లగుండు రాశారు (#9)

మెత్తకు గోనెసంచి మడత పెడ్తున్నరు కొందరు, జారుతది. పాత ఫైర్ హోస్ ముక్క దొరికితే మీటరు పొడుగు కోసి, పొడుగున చీరి, తాడుకు తొడుగు లెక్క ఏస్తే గదే బెస్టు. అది దొరకకపోతే పొలాలల్ల వాడే చదును డెలివరీ పైపు. దళసరిది, పగుళ్లు లేనిది తీసుకోవాలె.

కొత్తచెప్పులు రాశారు (#10)

స్టాటిక్ తాడు లేదు గులాబిరాయి గారూ. రిటైర్ చేసిన డైనమిక్ తాడు (సాగే ఎక్కే తాడు) 20 మీటర్లు ఉంది. దాంతో కట్టుకోవచ్చా?

గులాబిరాయి_ఆస్టిన్ రాశారు (#11)

ఎక్కడానికి పనికిరాదని పక్కన పెట్టిన తాడును యాంకర్‌గా వాడటంలో అర్థం లేదు. కొత్తదైనా డైనమిక్ వద్దు. ఈఎన్ 892 ప్రకారం సింగిల్ తాడు 80 కిలోల బరువుకు 10 శాతం దాకా సాగొచ్చు, మార్కెట్లో చాలావరకు 7 నుంచి 9 మధ్య ఉంటాయి. ఈఎన్ 1891 టైప్ ఏ స్టాటిక్‌కు పరిమితి 5 శాతం, అదీ 50 నుంచి 150 కిలోలకు పెంచినప్పుడు వచ్చే సాగు.

8 మీటర్ల కాలి మీద 60 కిలోలు పడితే డైనమిక్ తాడు అర మీటరు దాకా సాగుతుంది. ఎక్కేవాడు కూర్చున్నప్పుడు అర మీటరు కిందికి, లేచినప్పుడు అర మీటరు పైకి. ఒక్క ఎక్కుడులో పది సార్లు కూర్చుంటాడు. రోజుకు ఆరుగురు ఎక్కితే 60 సార్లు రంపం ఆడినట్టు, అదీ ఒకే స్ఫటికం మీద.

బిలేబాబాయ్ రాశారు (#12)

కారబైనర్ల సంగతి ఎవరూ రాయలేదు.

మాస్టర్ పాయింట్‌లో రెండు లాకింగ్ కారబైనర్లు. గేట్లు ఎదురెదురు వైపులకు, తెరుచుకునే కొసలు రెండూ కిందికి. స్క్రూ కిందికి తిరిగి బిగుస్తుంది కాబట్టి కుదుపులకు బరువు దాన్ని మూసే దిక్కుకే లాగుతుంది. మూసిందా లేదా కళ్లతో చూడొద్దు, గేటు బొటనవేలితో నొక్కి చూడు.

ఈఎన్ 12275 ప్రకారం మామూలు కారబైనర్ పొడవునా 20 కిలోన్యూటన్లు మోయాలి, అడ్డంగా 7. గేటు తెరిచి ఉంటే కూడా 7. హెచ్ఎంఎస్ (బేరిపండు ఆకారపు) రకానికి గేటు తెరిచి 6. అంకెలు కాసేపు పక్కన పెట్టు. కారబైనర్ నడుము అంచు మీద ఆని, కింద వేలాడే బరువు దాన్ని విరిచేలా వంచుతుందా అన్నది అసలు ప్రశ్న. మాస్టర్ పాయింట్ అంచు మీదే కూర్చుంటే అదే జరుగుతుంది. గేటు రాయి వైపు తిరిగితే రాయే స్క్రూను తిప్పి తెరుస్తుంది. గులాబిరాయి చెప్పినట్టు అంచు దాటి వేలాడదీయడానికి ఇది రెండో కారణం.

లాకింగ్ కారబైనర్లు రెండు లేకపోతే లాక్ లేనివి మూడు, గేట్లు ఒకటి విడిచి ఒకటి తిప్పి వేసుకో. ఒక్కటి మాత్రం ఎప్పుడూ వద్దు.

ఎనిమిదోముడి రాశారు (#13)

దీనికి తోడు, ఎక్కే తాడును నేరుగా స్లింగులోంచి దూర్చి టాప్ రోప్ వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. "కారబైనర్ తక్కువైంది" అంటారు. నడిచే నైలాన్, నిలిచి ఉన్న నైలాన్ ఒకేచోట రాసుకుంటే వేడంతా ఆ ఒక్క చోటే పుడుతుంది. నైలాన్ రకాన్ని బట్టి 220, 260 డిగ్రీల మధ్య కరుగుతుంది, డైనీమా 145 దగ్గరే. ఒక్కసారి కిందికి దించడానికే స్లింగు కోసుకుపోవచ్చు. తాడు తిరగాల్సింది లోహం మీదే.

ఇంకొకటి రబ్బరు ఉంగరాలు. క్విక్‌డ్రాలో (రెండు కారబైనర్లను కలిపే పొట్టి స్లింగు) కారబైనర్ కదలకుండా పట్టే చిన్న రబ్బరును పొడవాటి, తెరిచిన స్లింగులకు పెట్టకండి. స్లింగు మడతపడి కారబైనర్‌లోంచి దాటిపోతే, చూడటానికి అంతా సరిగానే ఉంటుంది, బరువు మాత్రం రబ్బరు మీదే ఉంటుంది. 2013లో ఫ్రాన్స్‌లోని ఓర్‌పియేర్‌లో కింద పడి 12 ఏళ్ల ఇటలీ కుర్రాడు టిటో ట్రవెర్సా చనిపోయింది ఇలా తప్పుగా అమర్చిన క్విక్‌డ్రాల వల్లే. స్లింగులు, కారబైనర్లు విడివిడిగా చూస్తే బాగానే ఉన్నాయి, వాటి అమరికే తప్పు.

పరుపుబండ రాశారు (#14)

బోల్టుల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి చిన్నగా. పైన బోల్టులు ఉన్నాయంటే యాంకర్ తయారన్నట్టు కాదు. హ్యాంగర్ (బోల్టుకు బిగించిన రంధ్రం ఉన్న లోహపు రేకు) చేత్తో తిరుగుతోందా, నట్టు ఒదులా, బోల్టు కింద రాయి మీద తుప్పు చార కారిందా, చుట్టూ రాయి డొల్ల మోగుతోందా చూడాలి. రెండు బోల్టులూ ఒకే పెచ్చు మీద ఉంటే అవి రెండు కావు, ఒకటే. హ్యాంగర్ రంధ్రంలోంచి స్లింగు నేరుగా దూర్చొద్దు, దాని అంచు పదును. కారబైనర్ వేసి దానికి స్లింగు. అనుమానం ఉంటే వెనక గుండుకు స్టాటిక్ తాడుతో బ్యాకప్ కట్టండి.

తాడు పొడవు: 60 మీటర్ల తాడుతో మాస్టర్ పాయింట్ 30 మీటర్ల ఎత్తులో ఉంటే రెండు చివరలూ నేలకు అందీ అందనట్టు ఉంటాయి. సాగు, ముడి, బిలే వాడు నిలబడే చోటు కలిపితే 26, 27 మీటర్లకు మించి పెట్టుకోవద్దు. రెండు చివరలూ నేల మీద పడ్డాయని కిందివాడు కళ్లతో చూసి చెప్పాలి. అయినా బిలే వైపు చివర ముడి వేయాల్సిందే.

కొత్తచెప్పులు రాశారు (#15)

అర్థమైంది. అంతా కట్టాక మొదటివాడు ఎక్కేముందు పరీక్ష ఎలా? పైనుంచి చూస్తే సరిపోతుందా?

నల్లగుండు రాశారు (#16)

సరిపోదు. పైన ఒకడు సేఫ్టీ మీద ఉండి జూడాలె, కింద ఇద్దరు తాడు పట్టి మెల్లగ ఏలాడాలె. జంప్ కొట్టుడు వద్దు, ఒకటే బరువు. పైనున్నోడు జూసేది: గుండ్లు కదిలినయా, టేపు మీదికి ఎక్కిందా, రెండు కాళ్లు బిగుతుగ ఉన్నయా, మెత్త జాగల ఉందా, స్క్రూలు మూసే ఉన్నయా. బరువు తీసినంక ఇంకోపారి జూడాలె, గేటు రాయి దిక్కు తిరిగిందేమో. మనిషి మారినప్పుడల్లా ఎవరో ఒకరు పైకి ఎక్కి జూసుడు కుదరకపోతే, కనీసం గంటకోపారి.

ఇంకో ముచ్చట. అంచు పొంటి చిన్న రాళ్లు, గరుసు ఏరి ఎనకకు ఏయాలె. తాడు కదిలినప్పుడు రాలేవి అవే. కింద హెల్మెట్ లేనోడు బిలే జెయ్యొద్దు. పైకి పోకముందే కిందికెళ్లి బండ మొత్తం ఒకపారి కలియజూడున్రి, పెద్ద తేనెపట్టు ఉంటే ఆ లైను ఇడిసిపెట్టున్రి. తాడు తగిలితే తేనెటీగలు లేస్తయి, యాంకర్ ఎంత మంచిగ కట్టినా లాభం లేదు.

కొత్తచెప్పులు రాశారు (#17)

స్టాటిక్ 30 మీటర్లు, లాకింగ్ కారబైనర్లు ఆరు, 7 మి.మీ. కార్డ్ 6 మీటర్లు, ప్రూసిక్‌కు 6 మి.మీ. కార్డ్, కుట్టిన స్లింగులు. ఇవి కొంటే చాలా?

ఎనిమిదోముడి రాశారు (#18)

స్లింగులు 120 సెంటీమీటర్లవి రెండు, 240వి రెండు తీసుకో. మన గుండ్లకు 120 చుట్టూ అందదు, అందకపోతే బిగలాగి కడతావు, కోణం పెరిగిపోతుంది. కార్డ్ 7 మీటర్లు కొను, డబుల్ ఫిషర్‌మన్ ముడికే దాదాపు మీటరు పోతుంది. ప్రూసిక్‌కు మీటరున్నర. ఇంటికి రాగానే తలుపు గడియకూ, కిటికీ ఊచకూ కట్టి పది సార్లు వేసి ఫోటో పెట్టు, ముడి చూసి చెప్తాం.